వంద మీటర్లు ఎక్కడి నుంచి కొలవాలి?

పాత కట్టడాల పక్కన ఇల్లు కట్టేవారు, లేఅవుట్ వేసేవారు, అమ్ముకునేవారు పంపిన ప్రశ్నలకు ఈ నెల జవాబులు. ఒకే తరహా ప్రశ్నలను కలిపి ఒకటిగా ఇచ్చాం.

ప్ర: హనుమకొండలో వేయిస్తంభాల గుడి దగ్గర 200 గజాల ప్లాటు బేరం కుదిరింది. గుడికి 110 మీటర్ల దూరంలో ఉంది కాబట్టి నిర్మాణ నిషేధం వర్తించదని ఏజెంటు ఫోన్లో మ్యాపు పెట్టి చూపించాడు. బ్యాంకువాళ్లు మాత్రం ఎన్‌ఓసీ తెమ్మంటున్నారు. జీ ప్లస్ టూ కట్టాలని ఉంది. అడ్వాన్సు ఇవ్వవచ్చా?
— ఒక పాఠకుడు, కాజీపేట

జ: ఇప్పుడే ఇవ్వకండి. ఏజెంటు బహుశా మ్యాపులో గుడి మధ్యన వేలు పెట్టి కొలిచి ఉంటాడు. చట్టం అలా కొలవదు. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాలకు 1958 నాటి చట్టం, దానికి 2010లో చేసిన సవరణ వర్తిస్తాయి. వాటి ప్రకారం రక్షిత ప్రదేశం హద్దు నుంచి 100 మీటర్లు నిషేధిత ప్రాంతం. అది దాటాక ఇంకో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. కొలత మొదలయ్యేది గుడి గోడ దగ్గర కాదు, గెజిట్‌లో ఏ స్థలాన్ని రక్షిత ప్రదేశంగా ప్రకటించారో ఆ స్థలం అంచు దగ్గర. గుడి నడిమధ్య నుంచి ఆ అంచు దాకా 30 మీటర్లు ఉందనుకోండి, ఏజెంటు చెప్పిన 110 కాస్తా 80 అవుతుంది. అప్పుడు మీ ప్లాటు నిషేధిత ప్రాంతంలో పడినట్టే. కొన్ని చోట్ల ప్రహరీ బయట ఉన్న ఖాళీ జాగా కూడా ప్రకటనలో ఉంటుంది కాబట్టి ప్రహరీనే హద్దు అనుకోవడం కూడా తప్పే.

రెండో చివర కొలవాల్సింది మీ ప్లాటులో గుడికి అతి దగ్గరగా ఉన్న మూల నుంచి. గేటు నుంచో, ఇల్లు కట్టాలనుకున్న చోటు నుంచో కాదు. ఫోన్లోని జీపీఎస్ ఇరుకు సందుల్లో ఐదు పది మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది. 100 మీటర్ల గీత మీద ఉన్న ప్లాటుకు ఆ తేడా చాలు, కొంప ముంచడానికి. రక్షిత కట్టడానికి మీ స్థలం ఎంత దూరమో చూపే స్మారక్ యాప్‌లో (ఇస్రో వాళ్ల ఉపగ్రహ చిత్రాల కేంద్రం ఎన్‌ఆర్‌ఎస్‌సీ తయారుచేసింది) ఒకసారి చూసుకోండి, కానీ దాన్ని తొలి అంచనాగానే తీసుకోండి. లైసెన్సు ఉన్న సర్వేయరు చేత కొలిపించి, సర్వే నంబర్లతో స్కెచ్ వేయించుకుని, పురావస్తు శాఖ హైదరాబాద్ సర్కిల్ కార్యాలయానికి రాతపూర్వకంగా పంపి దూరం నిర్ధారించుకోవడమే సరైన పద్ధతి.

నిషేధిత ప్రాంతంలో తేలితే కొత్త ఇల్లు ఉండదు. ఎవరు ఏం చెప్పినా ఉండదు. నియంత్రిత ప్రాంతంలో తేలితే జాతీయ స్మారక కట్టడాల సంస్థ, అంటే ఎన్‌ఎంఏ, సిఫారసు మీద అనుమతి వస్తుంది. బ్యాంకు అడిగే ఎన్‌ఓసీ ఇదే. దరఖాస్తు ఆన్‌లైన్‌లో చేయాలి. యాజమాన్య పత్రాలు, దూరం చూపించే సైట్ ప్లాను, ఎలివేషన్, సెక్షన్ డ్రాయింగులు, మీ స్థలం నుంచి గుడి వైపు తీసిన ఫొటోలు, చుట్టుపక్కల ఇళ్ల ఫొటోలు సిద్ధం చేసుకోండి. దరఖాస్తు ముందు రాష్ట్రానికి నియమించిన అధికారికి చేరుతుంది. ఆయన 15 రోజుల్లో ఎన్‌ఎంఏకు పంపాలి, వాళ్లు రెండు నెలల్లో సిఫారసు చెప్పాలి, ఆ తర్వాత నెలలోపు అనుమతి గానీ తిరస్కరణ గానీ రావాలి. కాగితాలన్నీ సరిగ్గా ఉంటేనే ఈ మూడున్నర నెలల లెక్క. సెక్షన్ డ్రాయింగు లేక తిరిగొచ్చిన ఫైలుకు లెక్క మళ్లీ మొదటి నుంచి.

ఇక ఎత్తు. ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే. అనుమతిలో రాసే ఎత్తు స్లాబు వరకు కాదు, పిట్టగోడ, మెట్లగది, నీళ్ల ట్యాంకు అన్నీ కలిపి. మీ జీ ప్లస్ టూనే చూద్దాం. అరుగు ఎత్తు 0.6 మీటర్లు, మూడు అంతస్తులు తలా 3 మీటర్లు, మొత్తం 9.6. ఇంటి ఎత్తు ఎంతంటే మేస్త్రీ ఈ అంకే చెబుతాడు. దాని మీద 2.4 మీటర్ల మెట్లగది, ఆ మెట్లగది నెత్తిన 1.5 మీటర్ల ట్యాంకు పెడితే 13.5. ఎన్‌ఓసీలో 12 మీటర్లు వచ్చిందంటే కట్టడం పూర్తయ్యాక ఆ ఒకటిన్నర మీటరే తలనొప్పి. మెట్లగది మానేసి మెట్లను బయట తెరిచి ఉంచి, ట్యాంకును నేరుగా స్లాబు మీద పెడితే ఎత్తు 11.1కి దిగుతుంది. గదులు ఒక్క అంగుళం కూడా తగ్గవు. డ్రాయింగు దశలోనే ఇంజినీరుకు ఈ మాట చెప్పండి. సెల్లారు ఉంటే దాని లోతు కూడా దరఖాస్తులో చూపాలి.

మున్సిపాలిటీలో సెల్ఫ్ సర్టిఫికేషన్ మీద అనుమతి వచ్చేసింది కదా అని మొదలుపెట్టేవాళ్లున్నారు. ఆ అనుమతి ఎన్‌ఎంఏ అనుమతికి బదులు కాదు. ఎన్‌ఎంఏ అనుమతి లేకుండా కట్టినందుకు రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అడ్వాన్సు ఇచ్చేట్టయితే, ఎన్‌ఓసీ రాకపోతే ఇన్ని రోజుల్లో మొత్తం తిరిగివ్వాలన్న షరతు అగ్రిమెంటులో రాయించుకుని ఇవ్వండి. అమ్మేవాడు ఆ షరతుకు ఒప్పుకోకపోతే దూరం సంగతి ఆయనకు ముందే తెలుసని అనుమానించాలి.

ప్ర: మాది ఖిలా వరంగల్. కోట లోపల తాతల నాటి పెంకుటిల్లు. పైకప్పు కారుతోంది, ఒక గోడ వంగింది. రిపేరు చేసుకోవచ్చా? పిల్లల కోసం పైన ఒక గది వేసుకోవచ్చా?
— ఒక పాఠకురాలు, వరంగల్

జ: రిపేరు చేసుకోవచ్చు, అనుమతి తీసుకుని. పైన గదికి మాత్రం వీల్లేదు. నిషేధిత ప్రాంతంలో 1992 జూన్ 16కు ముందే ఉన్న ఇంటికి మరమ్మతు, నవీకరణ అనుమతి అడిగే హక్కు యజమానికి చట్టమే ఇచ్చింది. అడ్డంగా గానీ నిలువుగా గానీ పెంచితే అది కొత్త నిర్మాణం కిందికి వస్తుంది.

అసలు కష్టం ఆ తేదీకి రుజువు చూపించడంలో ఉంది. పాత ఇంటి పన్ను రసీదులు, కరెంటు మీటరు మంజూరు కాగితం, ఇంటి నంబరుతో ఉన్న పాత రిజిస్ట్రేషన్ దస్తావేజు, అప్పటి ఓటరు జాబితా నకలు, వీటిలో ఏవి దొరికితే అవి పోగుచేయండి. ఒక్కటే ఉంటే ఊగిసలాట, రెండు మూడు కలిస్తే గట్టి ఆధారం. ఇంటిని నాలుగు వైపులా, లోపలా ఫొటోలు తీయించి, పొడవు వెడల్పు ఎత్తులతో కొలత డ్రాయింగు గీయించి దరఖాస్తుకు జతచేయండి. రేపు ఎవరైనా ఇల్లు పెంచారని ఫిర్యాదు చేస్తే మిమ్మల్ని కాపాడేది ఆ డ్రాయింగే.

పని మొదలయ్యాక జరిగే పొరపాటు ఒకటుంది. వంగిన గోడ విప్పుతుంటే పక్క గోడా కదులుతుంది, మేస్త్రీ మొత్తం పడగొట్టి కట్టేద్దాం అంటాడు. వద్దు. చట్టం దృష్టిలో మరమ్మతు వేరు, పునర్నిర్మాణం వేరు. మరమ్మతు అనుమతి చేతిలో పెట్టుకుని ఇల్లు నేలమట్టం చేస్తే, తిరిగి కట్టడానికి ఆ కాగితం పనికిరాదు. ఒక్కో గోడకు వాసాల కింద దుంగలు ఆనించి, పైకప్పు బరువు వాటి మీదికి తీసుకున్నాకే గోడ ముట్టుకోవాలి. ఒకసారికి ఒక గోడే.

ప్ర: పునాది తవ్వుతుంటే కూలీలకు చిన్న రాగి చెంబులో నాణేలు దొరికాయి. స్థలం నాది కాబట్టి నాణేలు నావే కదా?
— ఒక పాఠకుడు, నెల్లూరు

జ: కావు. 1878 నాటి నిధి చట్టం ఇంకా అమల్లో ఉంది. నేలలో దొరికిన వస్తువు విలువ పది రూపాయలు దాటితే దొరికినవాళ్లు కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. ఏం దొరికింది, సుమారు విలువ, ఎక్కడ, ఏ తేదీన, ఇవీ రాయాల్సినవి. సొంతదారు ఎవరూ లేరని తేలి, ప్రభుత్వం తీసుకోకపోతే, వేరే ఒప్పందం లేనప్పుడు దొరికించుకున్నవారికి మూడు వంతులు, స్థలం యజమానికి ఒక వంతు. ప్రభుత్వం తీసుకుంటే విలువకు పైన ఐదో వంతు కలిపి చెల్లించాలి. దాచిపెడితే వాటా పోతుంది, శిక్ష కూడా ఉంది. చట్టం ప్రకారం దొరికించుకున్నది మీరు కాదు, మీ కూలీలు. ఆ సంగతి వాళ్లకూ చెప్పండి. నాణేలను చింతపండుతో తోమకండి, చెంబులోని మట్టి దులపకండి. ఏ కాలానివో చెప్పే ఆధారం ఆ పైపూతలో, ఆ మట్టిలో ఉంటుంది.

ప్ర: సిద్దిపేట వైపు 12 ఎకరాల్లో లేఅవుట్ వేస్తున్నాం. ఒక మూల పెద్ద పెద్ద బండరాళ్లు గుండ్రంగా పేర్చి ఉన్న వలయాలు ఐదారు ఉన్నాయి. ఊళ్లో రాకాసి గుళ్లంటారు. రక్షిత కట్టడాల జాబితాలో లేవు. జేసీబీతో చదును చేసుకోవచ్చా?
— ఒక వెంచరు భాగస్వామి

జ: మీరు చెప్పినవి బృహత్ శిలాయుగపు సమాధులు అయ్యుండాలి, ఇనుము వాడకం మొదలైన రోజులవి. వలయం మధ్యలో చిన్న రాళ్ల గుట్ట, దాని కింద రాతి పలకలతో చేసిన పెట్టె, అందులో ఎముకలు, నలుపు-ఎరుపు కుండలు, ఇనుప పనిముట్లు ఉంటాయి. నారాయణపేట జిల్లా ముడుమాల్ నిలువురాళ్లు ఈ సంప్రదాయంవే. వాటిని 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేర్చారు. అలాంటివి మన ఊళ్ల చుట్టూ వందల సంఖ్యలో ఉండేవి. రోడ్లకు కంకర కోసం, పొలం చదును కోసం, ఇప్పుడు ప్లాట్ల కోసం పోతున్నాయి.

జాబితాలో లేనంత మాత్రాన ఏమైనా చేసుకోవచ్చని కాదు. తవ్వి చూద్దామన్న ఆలోచన అసలే పెట్టుకోవద్దు. పురావస్తు తవ్వకం లైసెన్సు ఉన్నవారి పని. పైగా తవ్వారన్న మాట పొక్కితే గుప్తనిధుల ముఠాలు రాత్రికి రాత్రి దిగుతాయి, మీ హద్దురాళ్లు కూడా మిగలవు.

మీకు ఖర్చు లేని దారి ఒకటుంది. లేఅవుట్‌లో చట్టప్రకారం ఎలాగూ ఖాళీ జాగా వదలాలి. చాలామంది దాన్ని అమ్ముడుపోని వంకర మూలలో, హైటెన్షన్ తీగల కింద చూపిస్తారు. మీరు ఆ జాగాను వలయాలున్న మూలకు తెచ్చుకోండి. దీనికి ప్లాను గీసే ముందే సర్వేయరు ఒక్కో వలయాన్నీ కొలిచి స్కెచ్‌లో గుర్తించాలి. బయటి రాళ్ల మీద గీత గీసి ఆగకండి, కనీసం 5 మీటర్లు బయటికి జరిపి హద్దు వేయండి. కొన్ని రాళ్లు మట్టిలో కూరుకుపోయి కనిపించవు, పక్కనే వలయం లేని సమాధులూ ఉంటాయి.

తర్వాత జేసీబీ రాకముందే కంచె. ఇనుప ముళ్ల కంచె గుంతల కోసం లోతుగా తవ్వనక్కర్లేదు, ఒకటిన్నర అడుగు చాలు, వలయానికి దూరంగా. రోడ్డు, డ్రైనేజీ, నీటి పైపు, కరెంటు స్తంభం, వీటిలో ఏదీ ఆ హద్దులోంచి పోకూడదు. ప్లానులో వలయాలను కాపాడి, ఆరు నెలల తర్వాత పైపులైను కాంట్రాక్టరు వచ్చి వాటి మధ్యగా కందకం తీసిన సందర్భాలే ఎక్కువ. ఆయనకు ఇచ్చే డ్రాయింగులో కూడా ఆ హద్దు ఎర్ర గీతతో ఉండాలి. లోపల మట్టి పోయడం, చెట్లు నాటడం, పిల్లల ఉయ్యాలలు బిగించడం వద్దు. వేపో రావో నాటితే పదేళ్లలో వేళ్లు రాతి పెట్టెను విడగొడతాయి. గడ్డి చాలు.

రాష్ట్ర వారసత్వ శాఖకు ఫొటోలు, స్కెచ్, సర్వే నంబరుతో లేఖ రాసి, చేరినట్టు రసీదు దగ్గర పెట్టుకోండి. వాళ్లు వచ్చి చూస్తారో లేదో గానీ, ఆ రసీదు మీకు అవసరం. కొనేవాళ్లు భయపడతారని మీకు సందేహం ఉండొచ్చు. సమాధుల పక్కన ప్లాటు వద్దనేవాళ్లు ఉంటారు, నిజమే. అందుకే ఆ మూలకు ఆనుకుని ప్లాట్లు కాకుండా రోడ్డు వేస్తే ఆ ఇబ్బందీ తీరుతుంది.

ప్ర: హైదరాబాద్‌లో మా దేవిడీ, అంటే నవాబుల కాలపు పెద్ద భవంతి, పాత వారసత్వ జాబితాలో ఉండేదని విన్నాం. ఇప్పుడా జాబితా లేదంటున్నారు. బిల్డరుకు డెవలప్‌మెంట్‌కు ఇవ్వొచ్చా?
— ఒక కుటుంబం తరఫున

జ: హుడా (అప్పటి హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ) జోనింగ్ నిబంధనల్లోని 13వ నిబంధన కింద నగరంలో వారసత్వ కట్టడాల జాబితా ఉండేది. 2015లో ఆ నిబంధనను ప్రభుత్వం తీసేసింది. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. పాత జాబితా పోయింది కాబట్టి ఇక అడ్డు లేదని అనుకునేవాళ్లు ఒక తీర్పు గుర్తుంచుకోవాలి. కొత్త శాసనసభ కోసం నగరంలోని పాత రాజభవనం ఎర్రమంజిల్‌ను కూల్చాలన్న మంత్రివర్గ నిర్ణయాన్ని 2019 సెప్టెంబరులో హైకోర్టు కొట్టివేసింది. ప్రభుత్వమే కూల్చలేకపోయిందంటే, జాబితా పోయింది కాబట్టి అడ్డే లేదని బిల్డరు చెప్పే మాట మీద సంతకం పెట్టడం తెలివైన పని కాదు. హుడా స్థానంలో వచ్చిన హెచ్‌ఎండీఏకు, వారసత్వ శాఖకు ఇంటి నంబరు, సర్వే వివరాలతో ఈ కట్టడం పరిస్థితి ఏమిటో చెప్పండి అని విడివిడిగా రాయండి. సమాచార హక్కు కింద అడిగితే జవాబు కాగితం మీద వస్తుంది. దేవిడీ ముందు భాగాన్ని ఉంచి వెనక ఖాళీలో కట్టే ప్లానుకు కూడా ఒక ఆర్కిటెక్టు చేత లెక్క వేయించండి. వెనక దొడ్డి పెద్దదైతే మీరనుకున్నంత నష్టం ఉండకపోవచ్చు.

ప్ర: మా వీధిలో పాత శివాలయం పక్కనే అపార్ట్‌మెంటుకు సెల్లారు తవ్వుతున్నారు. బండ వచ్చిందని పేలుస్తున్నారు. గుడి గోడలో సన్న బీటలు కనిపిస్తున్నాయి. ఏం చేయాలి?
— ఒక కాలనీ సంఘం, కరీంనగర్

జ: ముందు రుజువు. ఈరోజే ప్రతి బీటనూ పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయండి. బీటకు అడ్డంగా సన్నటి గాజు పట్టీని రెండు చివరలా ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అతికించి, దాని మీద తేదీ రాయండి. గోడ కదిలితే గాజు పగులుతుంది. వాదనలు అక్కర్లేదు. మొత్తం ఐదారు చోట్ల పెట్టండి, ఒకటి పేలుడుకు దూరంగా ఉన్న గోడకు కూడా. దూరపు పట్టీ బాగుండి దగ్గరివే పగిలితే కారణం ఏమిటో తెలిసిపోతుంది.

తర్వాత అంకెలు. గనుల భద్రతా డైరెక్టరేట్ 1997లో ఇచ్చిన సర్క్యులర్‌లో చారిత్రక కట్టడాలకు నేల అదురు పరిమితులున్నాయి. అదురు పౌనఃపున్యం, అంటే సెకనుకు ఎన్నిసార్లు అదురుతుందో ఆ లెక్క, 8 హెర్ట్జ్‌కు లోపు ఉంటే నేల కదిలే వేగం సెకనుకు 2 మిల్లీమీటర్లు దాటకూడదు, 8 నుంచి 25 మధ్య 5, ఆపైన 10. ఇది గనుల కోసం రాసిందే అయినా కొలబద్దగా పనికొస్తుంది. గుడి పునాది దగ్గర కంపన మాపకం పెట్టి ప్రతి పేలుడుకూ రీడింగు ఇమ్మని బిల్డరును అడగండి. పేలుడు పదార్థాల లైసెన్సు, పోలీసు అనుమతి ఉన్నాయో లేదో అడిగేటప్పుడే ఈ మాట కూడా పిటిషన్‌లో రాయండి.

పేల్చకుండా బండ తీయలేమన్నది అబద్ధం. 38, 40 మిల్లీమీటర్ల రంధ్రాలు అడుగు అడుగు దూరంలో వేసి, వ్యాకోచించే రసాయన పొడిని నీళ్లలో కలిపి పోస్తే ఒక రోజులో బండ దానంతట అదే చీలుతుంది. హైడ్రాలిక్ స్ప్లిట్టరు, డైమండ్ తీగ రంపం కూడా ఉన్నాయి. ఖర్చు ఎక్కువ, రోజులు ఎక్కువ, అంతే. కనీసం గుడి వైపు అంచున దగ్గర దగ్గరగా రంధ్రాల వరస వేసి బండను ముందే విడదీస్తే అదురు ఇటు తక్కువగా వస్తుంది.

పేలుడు కంటే మెల్లగా హాని చేసేది ఇంకొకటి, సెల్లారు గుంతలోంచి నీళ్లు తోడటం. కాకతీయుల గుళ్లకు పునాది కింద ఇసుక నింపిన పెట్టె లాంటి ఏర్పాటు ఉంటుంది. రామప్ప గుడికి అదే, వేయిస్తంభాల గుడికీ అదే. చుట్టూ బిగువుగా ఉన్నంతకాలం ఇసుక ఎంత బరువైనా మోస్తుంది. పక్కన లోతుగా తవ్వి నీళ్లు తోడితే ఇసుక నీటితో పాటు జారుతుంది, పైన స్తంభం ఒక పక్కకు ఒరుగుతుంది. ఒరిగాక సరిచేయడం ఎంత పనో చూడాలంటే వేయిస్తంభాల గుడి కల్యాణ మండపమే ఉంది. 2006లో రాయి రాయిగా విప్పారు, తిరిగి నిలబెట్టి తెరిచేసరికి 2024 వచ్చింది. మీ శివాలయం ఏ కాలానిదో, దాని కింద ఏముందో తెలియకుండా గుంతలో రోజంతా మోటారు నడపనివ్వకండి. గుంతలోకి వచ్చే నీళ్లలో ఇసుక కనిపిస్తే ఆ రోజే పని ఆపించాలి. ఆ నీళ్లను బకెట్టులో పట్టి పది నిమిషాలు ఉంచితే ఇసుక అడుగున చేరి కనిపిస్తుంది.

ప్ర: కోనసీమలో మాది మండువా లోగిలి, ఇంటి నడుమ పైకి తెరిచి ఉన్న మండువాతో కట్టిన పాత ఇల్లు. వెనక ఖాళీలో కొత్త డాబా వేస్తున్నాం, పాతది కూడా ఉంచుకోవాలని ఉంది. ఐదేళ్ల కిందట పాత గోడలకు సిమెంటు పూత వేయించాం. అప్పటి నుంచి చెమ్మ మోకాలి ఎత్తు నుంచి నడుం దాకా పాకింది, పెచ్చులు ఊడుతున్నాయి. మళ్లీ వాటర్‌ప్రూఫ్ సిమెంటు వేయమంటున్నారు.
— ఒక పాఠకురాలు, అమలాపురం

జ: వేయించవద్దు. చెమ్మ పైకి పాకడానికి కారణమే ఆ సిమెంటు. మీ గోడలు సున్నంతో కట్టినవి. కింద నుంచి వచ్చే తడి గోడ ముఖం మీదుగా ఆరిపోతూ ఉండేది. సిమెంటు పూత ఆ దారి మూసేసింది. తడి ఆరడానికి చోటు వెతుక్కుంటూ పైకెక్కుతుంది, దాంతో పాటు ఉప్పు. ఆ ఉప్పు పూత వెనక గడ్డకట్టి పెచ్చును బయటికి నెడుతుంది. వాటర్‌ప్రూఫ్ వేస్తే ఈసారి భుజం దాకా వస్తుంది.

చెమ్మ గీతకు ఒక మీటరు పై వరకు సిమెంటు పూతను ఉలి సుత్తితో, చేత్తో తీయించండి. బ్రేకర్ మిషను వద్దు, ఇటుక ముఖం కూడా ఊడొస్తుంది. తేలిన ఉప్పును పొడి కుంచెతో దులిపి ఊడ్చేయాలి. నీళ్లతో కడిగితే తిరిగి గోడలోకే పోతుంది. ఆ తర్వాత ఓపిక పట్టాలి. గోడ మందం అంగుళానికి సుమారు నెల చొప్పున ఆరుతుంది. మీది అడుగున్నర గోడ అయితే ఏడాదికి పైనే. మేస్త్రీలు వారంలో పూత వేస్తామంటారు, ఒప్పుకోవద్దు. ఈలోగా రోడ్డు ఎత్తు పెరిగి వాకిలి పల్లమైందేమో చూసి, గోడ చుట్టూ నేలను యాభై అడుగులకు ఒక అడుగు చొప్పున బయటికి వాలుగా చేయించండి.

పూతకు సున్నం. బట్టీ సున్నాన్ని తడిపి, నీళ్లలో మునిగేట్టు కనీసం మూడు వారాలు నాననివ్వాలి. సంచుల్లో అమ్మే పొడి సున్నం సరిపోదు. అడుగు పూతకు నానిన సున్నం ఒక పాలు, మెత్తటి ఇటుక పొడి ఒక పాలు, ఇసుక రెండు పాళ్లు. పై పూతకు సున్నం ఒక పాలు, జల్లించిన ఇసుక మూడు పాళ్లు. గానుగ ఆడించగలిగితే మంచిది. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు కొద్దిగా కలపవచ్చు, ఎక్కువైతే పూత మీద బూజు పడుతుంది. ఒక్కో పూత 10, 12 మిల్లీమీటర్లు దాటకూడదు. ఎండ తగలకుండా గోనె పట్టాలు కట్టి, వారం పది రోజులు తేమగా ఉంచాలి. తడిపి వదిలేస్తే నెర్రెలు బారుతుంది. రంగుకు సున్నమే, పలచగా మూడు చేతులు. ప్లాస్టిక్ పెయింటు వేస్తే మళ్లీ కథ మొదటికి.

ఇక కొత్త డాబా. పాత పునాది కంటే కొత్తది ఎన్ని అడుగులు లోతుకు పోతే, దానికి రెట్టింపు అడుగుల దూరం వదలండి. మూడడుగులు లోతైతే ఆరడుగులు. దగ్గర్లోనే కట్టక తప్పకపోతే పునాది గుంత మొత్తం ఒకేసారి తీయకుండా, నాలుగైదడుగుల ముక్కలుగా తీసి, ఒక ముక్క కాంక్రీటు గట్టిపడ్డాక పక్క ముక్క తీయించండి. వర్షాకాలంలో ఆ పని పెట్టుకోకండి. డాబా నీళ్ల పైపు పాత ఇంటి పెంకు మీదికి గానీ, గోడ మొదట్లోకి గానీ దిగకూడదు. ఇది డ్రాయింగులో ఎవరూ చూడరు, మొదటి తుపానుకు తెలుస్తుంది. మండువా మీద పైకప్పు వేసి హాలు చేసుకుందామన్న సలహా కూడా మీకు వస్తుంది. దోమలకు జాలీ వేసుకోండి గానీ మూయకండి, ఇల్లంతా గాలి తీసుకునేది అక్కడి నుంచే.

ప్ర: కొత్త కాలనీ రోడ్డుకు అడ్డంగా శాసనం రాయి ఉంది. గుడి దగ్గరికి మార్చి, అక్షరాలు కనిపించేలా పెయింటు వేయించాలని పంచాయతీ తీర్మానం.
— ఒక వార్డు సభ్యుడు, పల్నాడు జిల్లా

జ: పెయింటు, నూనె, పసుపు కుంకుమ వద్దు. గుంటల్లో రంగు నిండాక అక్షరం చదవడం కుదరదు. రోడ్డును ఒక మీటరు పక్కకు తిప్పగలిగితే అంతకన్నా మంచిది లేదు. చాలా శాసనాలు పొలిమేరను, దానం ఇచ్చిన భూమిని చెప్పేవి, అవి నిలబడ్డ చోటుకే అర్థం ఉంటుంది. మార్చక తప్పదంటే ముందు చోటును జీపీఎస్ అంకెలతో, నాలుగు దిక్కుల ఫొటోలతో నమోదు చేయండి. సాయంత్రం ఏటవాలు ఎండలో తీసిన ఫొటోలో అక్షరాలు బాగా తేలతాయి. పురావస్తు శాఖకు కబురు చేస్తే తడి కాగితం, సిరాతో అచ్చు తీసుకుంటారు. కేంద్ర శాఖ శాసన విభాగం మైసూరులో ఉంది, ఫొటోలు వారికీ పంపవచ్చు.

రాయి ఎంత లోతున పాతి ఉందో చుట్టూ పారతో తవ్వి చూడాలి. కింది వరసలు మట్టిలో ఉంటాయి, జేసీబీ బకెట్టు తగిలేది సరిగ్గా అక్కడే. నైలాను పట్టీలతో ఎత్తండి, గొలుసు వేయొద్దు. కొత్త చోట సిమెంటులో పాతకుండా, ఇసుక, కంకర నింపిన గుంతలో నిలబెట్టండి. రాతలున్న వైపు గోడకు చేర్చకండి.